ఆ రెండు గీతల్ని ముందు చూడాల్సింది ఎవరు?

సంత రోజు మండల కేంద్రంలో మెడికల్ షాపు ముందు నిలబడ్డ ఆడపిల్లని ఎప్పుడైనా గమనించారా? జ్వరం మాత్రలు అడుగుతుంది. తలనొప్పి మందు అడుగుతుంది. పక్కనున్నవాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకుంటుంది, కానీ సంత రోజు కదా, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. షాపులో ఉన్నది మన ఊరివాళ్ళందరూ తెలిసిన మనిషి. చివరికి అడగాల్సింది అడక్కుండానే ఆటో ఎక్కేస్తుంది. ఇంకో వారం గడుస్తుంది.

ఆమె అడగాలనుకున్నది గర్భం ఉందో లేదో చూసుకునే చిన్న కార్డు. దాని ధర యాభై అరవై రూపాయలు. నిజానికి అది ఆమె గుమ్మం దగ్గరికే ఉచితంగా రావాలి.

పోడు గురించి, 1/70 చట్టం గురించి, కొట్టేసిన జీవో 3 గురించి రాసే పేజీలో ఈ కిట్ల గోల ఏమిటని కొందరు తమ్ముళ్ళు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టి చదవండి. ఇది మీకు కూడా.

2023 ఏప్రిల్. మధ్యప్రదేశ్‌లో డిండోరి జిల్లా, గడాసరాయ్. గోండులు, బైగాలు ఎక్కువగా ఉండే జిల్లా అది. మన ఆదిలాబాద్ గోండులకు బంధువుల్లాంటి నేల. ప్రభుత్వ పథకం కింద 219 జంటలకు సామూహిక వివాహాలు పెట్టారు. పెళ్ళికొచ్చిన అమ్మాయిల్లో కొందరికి గర్భ పరీక్ష చేశారు. ఐదుగురికి గర్భం ఉందని తేలడంతో వాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేశారు. గొడవయ్యాక అధికారులు చెప్పింది ఏంటంటే, మేం చేసింది సికిల్ సెల్ పరీక్షలు, వయసు నిర్ధారణ, అనుమానం వచ్చినవాళ్ళకే గర్భ పరీక్ష అని. నిశ్చితార్థం అయ్యాక కాబోయే భర్తతో కలిసి ఉంటున్నానని ఒక అమ్మాయి చెప్పింది. మన పద్ధతుల్లో అదేమంత వింత కాదు కదా. మనువుకు ముందే కలిసి బతకడం ఎన్నో ఆదివాసీ తెగల్లో ఉన్నదే. అదే రాష్ట్రంలో 2009లో షహ్‌డోల్‌లో కూడా సామూహిక వివాహాల్లో పెళ్ళికూతుళ్ళకు పరీక్షలు చేశారని పార్లమెంటులో దుమారం రేగింది. అంటే పద్నాలుగేళ్ళ తర్వాత కూడా ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

ఇప్పుడు రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తనకు తానుగా తెలుసుకోవాలనుకున్న అమ్మాయికి కార్డు దొరకదు. తెలుసుకోమని అడగని అమ్మాయికి మాత్రం పెళ్ళిపందిట్లోనే ప్రభుత్వం కార్డు తెచ్చి పెడుతుంది. కార్డు ఒకటే, అందులో పడే గీతలూ అవే. వాటిని ముందు ఎవరు చూస్తున్నారన్న దగ్గరే తేడా అంతా ఉంది. మన హాస్టళ్ళలో సెలవుల నుంచి తిరిగొచ్చిన ఆడపిల్లలకు ఎవరైనా బలవంతంగా ఇలాంటి పరీక్ష చేస్తే, అది ఆరోగ్య పరీక్ష కాదు, నిఘా. ఆ మాట గట్టిగా అనాలంటే ముందు ఈ పరీక్ష ఏమిటో, ఎంతకు దొరుకుతుందో, ఎలా చేసుకోవాలో మనకు తెలిసుండాలి. అందుకే ఈసారి సంపాదకీయం ఇలా.

ముందు ఉచితంగా వచ్చేదాని గురించి. 2008లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 'నిశ్చయ్' పేరుతో గర్భ పరీక్ష కిట్లు దేశమంతా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆశా కార్యకర్త దగ్గర, సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం దగ్గర ఇవి ఉండాలి. డబ్బులు తీసుకోకూడదు. పెళ్ళయిందా, భర్త పేరేంటి అని నిలదీసి ఇవ్వాల్సిన వస్తువు కాదిది. కానీ మీరు వెళ్ళి అడిగితే తరచూ వినిపించే జవాబు "స్టాకు రాలేదమ్మా" అనే. నిజంగానే రాకపోవచ్చు. ఆశా అక్క అబద్ధమాడుతోందని మేం అనడం లేదు. ఆమె కూడా మన మనిషే, ఆమె జీతం కోసం ఆమె కూడా ధర్నాలు చేస్తోంది. పైనుంచి రానిది ఆమె ఎక్కడినుంచి తెచ్చిస్తుంది?

అలాంటప్పుడు కొనుక్కోవాలి. ఇక్కడే డబ్బు దండగ అయ్యేది.

షాపులో మూడు రకాలు దొరుకుతాయి. సన్నటి కాగితం పట్టీలా ఉండేది స్ట్రిప్. దాన్ని మూత్రంలో గీత గుర్తు దాకా ముంచాలి. ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, చుక్కలు వేసుకోవడానికి చిన్న గుంట, పక్కన కిటికీ ఉన్నది కార్డు. ప్రెగా న్యూస్, ఐ-కెన్ లాంటి పేర్లతో మనం చూసేవి ఇవే. మూడోది పెన్నులా పొడుగ్గా ఉండి, నేరుగా మూత్రధార కింద పెట్టేది. పట్నాల్లో అంకెలు, అక్షరాలు చూపించే డిజిటల్‌వి కూడా ఉంటాయి, వాటికి వందలు పోయాలి. వీటన్నిటి లోపలా జరిగేది మాత్రం ఒకటే పని. గర్భం నిలిచాక ఒంట్లో హెచ్‌సీజీ అనే హార్మోన్ తయారవుతుంది, అది మూత్రంలోకి వస్తుంది. పట్టీ మీద పూసిన పదార్థం దాన్ని పట్టుకుని గీతగా చూపిస్తుంది. కార్డు విప్పి చూస్తే లోపల ఉండేది కూడా ఆ కాగితం పట్టీయే. మీరు అదనంగా కట్టే డబ్బు ప్లాస్టిక్‌కి, డబ్బాకి, టీవీ ప్రకటనకి.

కాబట్టి అన్నిటికంటే చవకది కొనండి, భయపడకండి. ఖరీదైనది ఒకటి కొనే బదులు చవకవి రెండు కొనడం మేలు. ఎందుకో కింద చెప్తాం. కొనేటప్పుడు చూడాల్సింది బ్రాండ్ పేరు కాదు. రేకు సంచి చిరిగిందా, గాలి చొరబడిందా చూడండి. గడువు తేదీ చూడండి. ఎండ తగిలే అద్దాల బీరువాలోంచి తీసిస్తే వద్దనండి, లోపలున్నది అడగండి. ఈ కిట్లు సుమారు ముప్పై డిగ్రీలు దాటని చోట ఉండాలి. వేసవిలో రేకుల కప్పు కింద గది ఎలా కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. ప్యాకెట్ మీద ముద్రించిన ధరకంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా అది నేరం, కొండ మీదకు మోసుకొచ్చాం అని చెప్పినా సరే. దగ్గర్లో జన ఔషధి దుకాణం ఉంటే అక్కడ కూడా అడిగి చూడండి. డాక్టర్ చీటీ అక్కర్లేదు. వయసు రుజువు అక్కర్లేదు. మగవాళ్ళు కూడా కొనొచ్చు. తమ్ముడూ, సంతలో ఆమె ఎదుర్కొనే చూపుల్లో పదో వంతు కూడా నువ్వు ఎదుర్కోవు. నువ్వెళ్ళి తెచ్చిపెట్టు.

యూట్యూబ్‌లో పంచదార పరీక్ష, ఉప్పు పరీక్ష, టూత్‌పేస్ట్ పరీక్ష అని వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అవి దేన్నీ పట్టుకోలేవు. మూత్రం తగిలితే టూత్‌పేస్ట్ నురగ వస్తుంది, గర్భం ఉన్నా లేకపోయినా, మగవాడిదైనా సరే. లక్షల మంది చూశారు కదా అని నమ్మొద్దు. ఆ వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల్లో పంపేవాళ్ళకి ఈ పేరా పంపండి.

ఇక ఎప్పుడు చేసుకోవాలి? నెల తప్పిన రోజు దాటాకే. అంతకు ముందు చేసుకుంటే హార్మోన్ ఇంకా చాలినంత ఉండదు, లేదనే చూపిస్తుంది, మీరు నమ్మేస్తారు. వారం ఆగి చేసుకుంటే ఇంకా నిక్కచ్చిగా తెలుస్తుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మంచిది, రాత్రంతా నిలవ ఉండి చిక్కగా ఉంటుంది. పొలానికెళ్ళి మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగి చేసుకుంటే పల్చబడి తప్పు చూపించొచ్చు. శుభ్రమైన, పొడిగా ఉన్న గిన్నెలోనో గ్లాసులోనో పట్టండి. సబ్బు నురగ అంటి ఉండకూడదు. ప్యాకెట్ అప్పుడే చింపాలి, ముందురోజు రాత్రి చింపి దిండు కింద పెట్టుకోవద్దు. లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాంతో గుంటలో చుక్కలు వేయాలి. రెండా మూడా అన్నది ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. నేల మీద సమంగా పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. ఫోన్‌లో టైమ్ చూసుకోండి.

'సి' అక్షరం దగ్గర గీత పడితే కార్డు పనిచేస్తోందని అర్థం. 'సి' దగ్గరే ఒక్క గీత ఉంటే గర్భం కనబడలేదు. 'సి' దగ్గర, 'టి' దగ్గర రెండూ పడితే గర్భం ఉన్నట్టు. 'టి' గీత లేత రంగులో, మసగ్గా ఉన్నా సరే ఉన్నట్టే లెక్క. 'సి' దగ్గర ఏమీ రాకపోతే కార్డు పాడైంది, పారేసి ఇంకోటి తీసుకోండి. అరగంట తర్వాత తిరిగొచ్చి చూస్తే ఎండిపోయిన మరక గీతలా కనిపించి కంగారు పెడుతుంది, అది లెక్కలోకి రాదు. లేదని వచ్చి, నెలసరి మాత్రం ఇంకా రాకపోతే ఓ వారం ఆగి మళ్ళీ చేసుకోవాలి. చవకవి రెండు కొనమన్నది ఇందుకే.

నెల తప్పడానికి గర్భం ఒక్కటే కారణం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. తిండి చాలక, రక్తం తక్కువై, పెద్ద జబ్బు చేసి కూడా తప్పొచ్చు. పిల్లలు వద్దని ప్రభుత్వాసుపత్రిలో 'అంతర' ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళకు నెలసరి ఆగిపోవడం మామూలే. ఈ మధ్యే గర్భం పోయిన వాళ్ళకు కొన్ని వారాల పాటు కార్డు ఇంకా ఉందనే చూపించొచ్చు. రెండు గీతలు పడి, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తం పోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. గర్భం సంచిలో కాకుండా బయట నాళంలో నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం మీదకు తెస్తుంది. డోలీ అయినా కట్టి ఆపరేషన్ చేసే ఆసుపత్రికి చేర్చండి.

ఇంత ముందుగా తెలుసుకుని ఏం చేస్తామని మన అమ్మమ్మలు అడుగుతారు. మూడో నెలలో, నాలుగో నెలలో తెలిసినా పిల్లలు పుట్టలేదా అంటారు. పుట్టారు. ఎంతమంది దక్కారో కూడా ఆ అమ్మమ్మలకే తెలుసు.

మనకు మాత్రం ముందు తెలియాల్సిన కారణాలు మైదానంవాళ్ళకంటే ఎక్కువ. మలేరియా సంగతి చూడండి. వానలు పడ్డాక ఏజెన్సీలో జ్వరం రాని ఇల్లుంటుందా? వైవాక్స్ మలేరియా మళ్ళీ తిరగబెట్టకుండా పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మాత్రలు ఇస్తారు. అవి గర్భిణులకు ఇవ్వకూడదు. మొదటి మూడు నెలల్లో మలేరియాకు ఏ మందు వాడాలన్నది డాక్టర్ విడిగా చూసి చెప్పాల్సిన విషయం. గర్భం ఉందని ఆమెకే తెలియకపోతే మందులిచ్చే మనిషికి ఏం చెప్తుంది? "కడుపుతో ఉన్నావా?" అని అడిగితే "లేదు" అంటుంది, అబద్ధమాడి కాదు, తెలియక. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా కూడా అంతే, గర్భం నిలిచాక కొనసాగించే మందు కాదది. అది వాడుతూ నెల తప్పితే వెంటనే పరీక్ష చేసుకుని, సొంతంగా ఏదో ఒకటి చేయకుండా డాక్టర్‌ని కలవాలి. సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ని 2023 జూలై 1న ప్రధాని ప్రారంభించింది ఎక్కడో తెలుసా? పైన చెప్పిన షహ్‌డోల్‌లోనే. జబ్బు కోసం మన రక్తం తీస్తామంటే మేం చెయ్యి చాపుతాం, అది మాకు కావాలి. కానీ ఆ వంకతో గర్భ పరీక్ష చేసి పేరు కొట్టేస్తామంటే చాపం.

ఫోలిక్ యాసిడ్ మాత్ర అవసరం మొదటి మూడు నెలల్లోనే. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యేది అప్పుడే. పన్నెండు వారాల్లోపు పేరు నమోదైతే రక్తం ఎంతుందో ముందే తెలుస్తుంది, తక్కువుంటే పెంచుకోవడానికి నెలలు దొరుకుతాయి. రోడ్డు లేని ఊళ్ళకు ఇంకో లెక్క కూడా ఉంది. నెలలు సరిగ్గా తెలిస్తే పురుడు తేదీ తెలుస్తుంది, తేదీ తెలిస్తే వాగు పొంగకముందే కిందికి దిగి ఉండొచ్చు. సాలూరు లాంటి చోట గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది అందుకే. తేదీ తెలియనిదే ఎప్పుడు దిగాలో ఎలా తెలుస్తుంది?

వద్దనుకుంటే? ఈ మాట గుసగుసగా కాకుండా మామూలుగానే రాస్తున్నాం. గర్భం తీయించుకోవడం మన దేశంలో 1971 చట్టం ప్రకారం, షరతులకు లోబడి, చట్టబద్ధం. 2021 సవరణ తర్వాత ఇరవై వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, మధ్యలో భర్త చనిపోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు లాంటి కొందరికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో ఇరవై నాలుగు వారాల దాకా. పెళ్ళికాని స్త్రీకి కూడా ఇదే హక్కు ఉందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్ళు దాటిన స్త్రీకి తన సంతకం చాలు, భర్త సంతకం, అత్త సంతకం చట్టం అడగదు. ఆమె వివరాలు బయటపెట్టడం నేరం. పద్దెనిమిది లోపు పిల్లలకు సంరక్షకుల సంతకం కావాలి. పోక్సో చట్టం ప్రకారం డాక్టర్ పోలీసులకు సమాచారం ఇవ్వాలి, అయితే ఆ అమ్మాయి పేరు, వివరాలు అందులో రాయనక్కర్లేదని అదే తీర్పులో కోర్టు చెప్పింది. తొమ్మిది వారాల్లోపు అయితే డాక్టర్ పర్యవేక్షణలో మాత్రలతోనే అయిపోతుంది. సంతలో ఆటో ఎక్కేసి వారాలు పోగొట్టుకున్న ఆ అమ్మాయికి పోయింది ఈ సమయమే. ఆలస్యమయ్యేకొద్దీ ఆమె వెళ్ళేది ప్రభుత్వ డాక్టర్ దగ్గరికి కాదు, ఊళ్ళో సంచి పట్టుకుని తిరిగే ఆర్ఎంపీ దగ్గరికి. ఆ తర్వాత ఏమవుతుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు.

ఇంకో చిక్కు ఉంది. కొందరు చెల్లెళ్ళు అడుగుతారు, "మా ఊరి ఆశా మా పెద్దమ్మే, ఆమె దగ్గర ఎలా తీసుకోను?" అని. నిజమే. చిన్న గూడెంలో ఆశా ఎప్పుడూ ఎవరో ఒకరికి పిన్నో, వదినో అవుతుంది. మాకు తోచింది చెప్తాం. కిట్లు ఒక్కొక్కరికీ అడిగినప్పుడే కాకుండా, నెలనెలా ఊళ్ళో జరిగే ఆరోగ్య పోషణ దినం రోజున, అంగన్‌వాడీలో మాత్రలతో పాటు, అడిగినా అడక్కపోయినా అందుబాటులో పెట్టాలి. తలా ఒకటి తీసుకెళ్తే ఎవరిది అవసరం, ఎవరిది కాదన్నది ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో తలుపున్న బాత్రూం లేని వాళ్ళు సబ్ సెంటర్‌లోనే ఒంటరిగా చూసుకునే వీలుండాలి. ఫలితం ఆమె చెప్పాలనుకుంటే చెప్తుంది.

ఇది దయతో అడిగేది కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సామాజిక రంగాల సంస్థల మీద, అక్కడి సిబ్బంది మీద నియంత్రణ అధికారం గ్రామసభలకు ఉండాలని 1996 పెసా చట్టం చెప్తోంది. సబ్ సెంటర్ అందులోదే. హాస్టల్ కూడా అందులోదే. కాబట్టి వచ్చే గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టండి. ఒకటి, కిట్ల స్టాకు ఎంత వచ్చింది, ఎంత ఉంది, గడువు ఎప్పటిదాకా అన్నది సబ్ సెంటర్ గోడ మీద రాయాలి. రెండు, ఆమె అనుమతి లేకుండా మా ఊరి ఆడపిల్లకి హాస్టల్‌లో గానీ, పెళ్ళిపందిట్లో గానీ, ఏ పథకం పేరుతో గానీ గర్భ పరీక్ష చేయకూడదు. మగవాళ్ళు మాత్రమే కూర్చున్న గ్రామసభలో ఈ తీర్మానం పెట్టకండి, ఆడవాళ్ళు వచ్చేదాకా ఆగండి.

ఆ లోపు మీ సబ్ సెంటర్‌కి వెళ్ళి ఒక్కసారి అడగండి. ఎన్ని కిట్లున్నాయో, డబ్బులడిగారో లేదో, గడువు తీరినవి ఇచ్చారో రాసి మాకు పంపండి. సబ్ సెంటర్ పేరు, మండలం రాయండి. అమ్మాయిల పేర్లు మాత్రం వద్దు, మాక్కూడా వద్దు.